పదకొండో చిల్లు

పది తూటాలు కాలిస్తే బొమ్మలో పదకొండు చిల్లులు ఎలా పడతాయన్నది జగన్నాథానికి ముప్ఫై నాలుగేళ్లుగా తీరని అనుమానం.

అది రిక్రూట్ల శిక్షణలో ఆఖరి పరీక్ష. పాతిక గజాల దూరంలో చెక్క చట్రాలకి అతికించిన కాగితపు బొమ్మలు. మనిషికో బొమ్మ, మనిషికి పది తూటాలు. ఆరు తగిలితే ఉద్యోగం, తగలకపోతే ఊరికి బస్సు. జగన్నాథం ఆంజనేయ దండకం చదువుకుంటూ పదీ కాల్చేశాడు. కాల్చిన సంగతి తప్ప మరేమీ గుర్తు లేదు. శిక్షణ ఇచ్చే ఉస్తాదు బొమ్మ దగ్గరికి వెళ్లి లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, గడ్డం గోక్కుని, "పది తూటాలకి పది చిల్లులే ఉంటాయి. పదకొండోది చెదపురుగు తిన్నది," అని తేల్చేశాడు. రిజిస్టర్లో అలాగే ఎక్కింది. పదికి పది కొట్టాడు కాబట్టి జగన్నాథం చొక్కా చేతి మీదకి మార్క్స్‌మన్ బిళ్ళ వచ్చింది.

పక్క బొమ్మ సన్యాసయ్యది. అందులో తొమ్మిదే చిల్లులు. బొమ్మకి తగలకుండా పోయిన తూటాని పోలీసు భాషలో వాషౌట్ అంటారు. అతని పేరు ఎదురుగా 'ఒక వాషౌట్' అని రాశారు. మరుసటేడు కొత్త రిజిస్టర్లోకి ఎక్కించిన రైటరు తొందరలో ఆ 'ఒక' వదిలేశాడు. అప్పట్నించీ మనిషే వాషౌట్ అయిపోయాడు.

గురి ఉన్నవాడని జగన్నాథాన్ని జిల్లా ఆయుధాగారంలో తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌గా వేశారు. తాళాల గుత్తి చేతికొచ్చింది. మార్క్స్‌మన్‌కి మళ్లీ పరీక్షేమిటని ఏటా జరిగే ఫైరింగ్ నుంచి మినహాయింపు ఇచ్చారు. అలా గురి ఉన్నవాడు ముప్ఫై నాలుగేళ్లు పిస్టలు తుడుస్తూ కూర్చున్నాడు. గురి లేనివాడని రాసి ఉన్న సన్యాసయ్యని మాత్రం ఏటా వానాకాలం వెళ్లగానే ప్రత్యేక తర్ఫీదుకి పంపేవారు. అతను వెళ్లేవాడు, సంచెడు తూటాలు కాల్చేవాడు, వచ్చేవాడు. తర్ఫీదులో కాల్చినవి రిజిస్టర్లో ఎక్కవు గనక మళ్లీ ఏడు మళ్లీ వెళ్లేవాడు.

పక్కవాడి తూటా ఒకటి తన బొమ్మలో పడిందేమోనన్న ఆలోచన జగన్నాథానికి మొదటిరోజే వచ్చింది. ఆ రోజే అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. కొన్నాళ్లు ఆ పదకొండోది ఆంజనేయస్వామి దయ అనుకున్నాడు. ఇంట్లో భార్య సుగుణకి అలాగే చెప్పాడు కూడా. ఆవిడ దీపారాధన చేస్తూ, "స్వామి గద పట్టుకుంటాడు గానీ పిస్టలు పట్టుకున్నట్టు ఎక్కడా వినలేదే," అంది.

ఆ అనుమానాన్ని అలాగే మోసుకుంటూ, ఇంకో రెండేళ్లలో రిటైరయిపోదామనుకుంటూ ఉండగా, జిల్లాకి కొత్త ఎస్పీ గారు వచ్చారు.

ఆయన చురుకైనవారు. రాష్ట్రస్థాయి షూటింగు పోటీల్లో తన జిల్లా ఆఖరున వచ్చిందని తెలిసి మూడు రాత్రులు ఫోనులో వీడియోలు చూశారు. నాలుగోరోజు ఉదయం సిబ్బందినందర్నీ సమావేశ మందిరంలో కూర్చోబెట్టారు.

"మన పిస్టల్స్‌కి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బారెళ్లే ఉన్నాయి. అదీ మన దౌర్భాగ్యం," అన్నారు. "విదేశాల్లో ఎవడూ ఫ్యాక్టరీ బారెల్ వాడడం లేదు. అది తీసేసి బయట కొన్న ప్రత్యేకమైన బారెల్ బిగిస్తున్నారు. గురి దానంతటదే కుదురుతోంది. ఇన్నాళ్లూ మనవాళ్లు తప్పు కాలుస్తున్నారని మెమోలిచ్చాం. ఎంత అన్యాయం! తప్పు మనిషిది కాదు, గొట్టానిది. మానవ తప్పిదం అనే మాట నేటి నుంచి ఈ జిల్లాలో రద్దు!"

హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. ఉద్యోగంలో చేరాక తప్పు తమది కాదని పైఅధికారి నోట వినడం అక్కడున్నవాళ్లకి అదే మొదటిసారి.

రిజర్వు ఇన్‌స్పెక్టరు దివాకరం గారు లేచి, "సాంకేతిక అభిప్రాయం కూడా తీసుకుందాం సార్, ఫైలు నిండుగా ఉంటుంది," అని జగన్నాథం వైపు చూశారు.

జగన్నాథం లేచాడు. పిస్టలు సంగతి తప్ప అతనికి ఇంకేమీ తెలీదు, దాని సంగతి మాత్రం తెలుసు. "సార్, పిస్టలుని బల్లకి బిగించి, దారం కట్టి లాగి చూస్తుంటాను. మంచి బారెల్ అయితే పాతిక గజాల్లో తేడా ఒక్క వేలెడు కనిపిస్తుంది. నిజమే. కానీ మనవాళ్లు చేత్తో పట్టుకుని కాలిస్తే తేడా మూరెడు ఉంటుంది సార్. ఆ మూరెడులో ఈ వేలెడు ఎక్కడుందో ఎలా వెతుకుతాం? ఆ డబ్బుతో తూటాలు తెప్పించి నెలకోసారి కాల్పిస్తే..."

"అంటే బారెల్ మంచిదయితే తేడా ఉంటుందని మీరు ఒప్పుకుంటున్నారు," అన్నారు ఎస్పీ గారు.

"వేలెడు సార్."

"రాసుకోండి దివాకరం గారూ. ఆర్మరర్ ఏకీభవించారు."

వారంలో ఉత్తర్వు వచ్చింది. 'విషయం: గురి – కుదురుట – గొట్టము మార్చుట ద్వారా – తగు చర్యలు గైకొనుట గురించి.' తూటాలకి వచ్చిన నిధులు బారెళ్లకి మళ్లించారు. కాబట్టి ఆ ఏడు ఫైరింగ్ ప్రాక్టీసు లేదు. అందుకు ఎవరూ బాధపడలేదు. కాల్చనివాడికి గురి తప్పదు కదా అని దివాకరం గారు నోట్ ఫైల్లో రాశారు. తప్పిన తూటాల సంఖ్య ఆ నెల సున్నాకి దిగింది. ఎస్పీ గారు ఆ సున్నాని పైకి పంపితే, అభినందిస్తూ ఉత్తరం వచ్చింది.

ఇక గొట్టం జబ్బు అందరికీ పట్టుకుంది. బ్యాండులో బ్యూగిల్ ఊదే అప్పన్న మూడేళ్లుగా ఒకే స్వరం తప్పుతున్నాడు. లోపం ఊపిరిది కాదని, గొట్టానిదని అర్జీ పెట్టుకున్నాడు. మంజూరైంది. తోటలో నీళ్లు పట్టే ఆర్డర్లీ, మొక్కలు ఎండిపోవడానికి రబ్బరు గొట్టం కారణమని రాసిచ్చాడు. అదీ మంజూరైంది. బండి ఆలస్యంగా తెచ్చిన డ్రైవరు సైలెన్సర్ వైపు వేలు చూపించి ఊరుకున్నాడు.

కొత్త బారెళ్లు వచ్చాయి. బంగారు రంగు, ఒంటినిండా మెలికల గీతలు. గాజుల దుకాణంలో పెట్టినా అమ్ముడుపోయేవి. జగన్నాథం ఒకదాన్ని పిస్టలులో పెట్టబోతే దిగలేదు. ఏ పిస్టలుకి ఆ పిస్టలు చూసుకుని ఆకురాయితో అరగదీయాలి. నలభై బారెళ్లు అరగదీసేసరికి అతని చూపుడువేలు బొబ్బలెక్కింది. దసరా వచ్చింది. పూజలో ఏటా చేసినట్టే ప్రతి పిస్టలునీ తుడిచి, నూనె వేసి, బొట్టు పెట్టాడు. బొట్టు వల్ల గురి కుదురుతుందని అతను ఎన్నడూ అనుకోలేదు. బొట్టు పెట్టే ముందు తుడవక తప్పదు, ఆ తుడవడమే పిస్టలుకి మేలు అనుకునేవాడు. ఈ బంగారు బారెళ్లకి మాత్రం బొట్టు పెడుతూ ఒక్క క్షణం ఆగాడు. 'నా భక్తి కంటే ఎస్పీ గారి భక్తే గొప్పదేమో స్వామీ,' అనుకున్నాడు. 'నేను తుడిచి నమ్ముతాను. ఆయన తుడవకుండానే నమ్ముతారు.'

తీసేసిన పాత బారెళ్లని సాక్షులుగా పిలిచిన పంచుల సమక్షంలో రంపంతో కోసి తుక్కు కింద వేశారు. ఒక్కటి మాత్రం మిగిలింది. ఆ రోజు సన్యాసయ్య ట్రెజరీ గార్డు డ్యూటీలో ఉన్నాడు. అతని నడుముకి ఉన్న పిస్టలు పాత బారెల్‌తో అలాగే ఉండిపోయింది.

అప్పుడు రెండో ఉత్తర్వు వచ్చింది. గొట్టం మారింది గనక పిస్టలు పక్షాన ఇక లోపం లేదట. కాబట్టి తులనాత్మక పరీక్ష జరిపి, అందులో ఆరుకంటే తక్కువ కొట్టినవాణ్ని నలభై అయిదు రోజులు రిక్రూట్లతో కలిపి శిక్షణ శిబిరానికి పంపుతారట. మానవ తప్పిదం రద్దు చేశాక తప్పు చేసే మనిషిని శిబిరానికి ఎందుకు పంపాలో ఎవరికీ అర్థం కాలేదు, ఎవరూ అడగలేదు. పరీక్ష ఫలితం స్పష్టంగా కనిపించాలని, కొత్త బారెల్ చేతికి రిజిస్టర్లో అందరికంటే మెరుగైనవాణ్ని, పాత బారెల్ చేతికి అందరికంటే తీసికట్టువాణ్ని ఎంపిక చేశారు. మెరుగైనవాడు జగన్నాథం. తీసికట్టువాడు సన్యాసయ్య.

సన్యాసయ్య ఆయుధాగారం కిటికీ దగ్గరికొచ్చి ఇనప కడ్డీలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏట్రా జగ్గా, మళ్లీ పక్కపక్కనే నిలబెడతన్నారంట మనల్ని?"

"అవునన్నా."

"ఇంకో ఆర్నెల్లలో ఇంటికెళ్లిపోతాను. ఇప్పుడు గాని పంపేరంటే, నా మనవడంత కుర్రోళ్లతో ముళ్లకంప కింద పాకాల. ఈ మోకాలు ఒకసారి కింద పెడితే మళ్లీ లేపడానికి ఇద్దరు కావాల. పాకడం సరే, లేపేవోళ్లని కూడా సర్కారే ఇస్తాదేటి?"

జగన్నాథం నవ్వలేకపోయాడు. 'ముప్ఫై నాలుగేళ్ల కిందటి ఒక్క తూటా నా దగ్గరుండిపోయింది,' అనుకున్నాడు. 'అది ఇతని బొమ్మలో ఉంటే ఇతను వాషౌట్ అయ్యేవాడు కాదు, ఈ రోజు ఈ కడ్డీలు పట్టుకునేవాడు కాదు.'

ఆ సాయంత్రం ఇంట్లో పూజ గదిలో చాలాసేపు కూర్చున్నాడు. సుగుణ తలుపు దగ్గర నిలబడి, "దేవుణ్ని ఏమడుగుతున్నారు, నెగ్గించమనా?" అంది.

"కాదు. ఒకరిది తిరిగివ్వాలి. ఎలాగా అని."

"ఉన్నది ఇచ్చేయడానికి దేవుణ్ని అడగడమెందుకు?" అని ఆవిడ పప్పు తాలింపు చూసుకోవడానికి వెళ్లిపోయింది.

పరీక్షరోజు మైదానంలో షామియానా వేశారు. ఎస్పీ గారు కూర్చున్నారు. దివాకరం గారు మైకు పట్టుకుని, "లక్ష్యభేదనా సామర్థ్య పెంపుదల కార్యక్రమంలో భాగంగా," అని మొదలుపెట్టి చాలాసేపటికి ఆ వాక్యాన్ని పూర్తి చేశారు. అప్పన్న కొత్త బ్యూగిల్ ఊదాడు. అదే స్వరం తప్పింది.

జగన్నాథం చేతిలో బంగారు బారెల్ ఎండకి తళుక్కుమంది. ఆ తళుకు సూటిగా అతని కంట్లోనే పడింది. దండకం మొదలుపెట్టాడు. మొదటి తూటా ఎక్కడికెళ్లిందో ఆ స్వామికే తెలియాలి. చేత్తో పిస్టలు పట్టి కాల్చి ముప్ఫై నాలుగేళ్లయింది. రెండో తూటాకి భుజం గుర్తొచ్చింది, మూడోదానికి బొబ్బల వేలు గుర్తొచ్చింది. 'మార్క్స్‌మన్‌నట నేను!' అనుకుని తనలో తనే సిగ్గుపడ్డాడు. తొమ్మిది అయిపోయాయి.

పక్కకి చూశాడు. సన్యాసయ్య కాలు గడగడా వణుకుతోంది. ఇక ఇతని పని అయిపోయినట్టే అనుకున్నాడు. తన దగ్గర ఇంకొక్కటే తూటా ఉంది. తన బొమ్మలో ఎన్ని పడ్డాయో ఈ దూరం నుంచి కనిపించదు. అయిదో, ఆరో, ఏడో. ఆ ఒక్కటి తనకే కావాల్సి రావచ్చు. మార్క్స్‌మన్ బిళ్ళ పెట్టుకున్నవాణ్ని శిబిరానికి పంపితే జిల్లా అంతా నవ్వుతుంది.

'స్వామీ, ఇది నాది కాదు,' అనుకుని, పిస్టలు ముక్కు కాస్త ఎడమవైపు తిప్పి, సన్యాసయ్య బొమ్మ గుండెల మీదకి గురిపెట్టి కాల్చేశాడు.

దివాకరం గారు ముందు జగన్నాథం బొమ్మ దగ్గరికి వెళ్లారు. "అయిదు!" అన్నారు, మైకు కాస్త దూరం పెట్టి.

సన్యాసయ్య బొమ్మ దగ్గర ఆయన ఆగిపోయారు. వేలితో ఒక్కో చిల్లునీ తడిమి లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు. గడ్డం గోక్కున్నారు.

"ఎన్ని?" అన్నారు ఎస్పీ గారు.

"పదకొండు సార్."

"కాల్చింది?"

"పది సార్."

ఎస్పీ గారు కళ్లు మూసుకుని లెక్క వేశారు. "అంటే నూటపది శాతం," అన్నారు, మెల్లగా, గుళ్లో మాట్లాడినట్టు.

జగన్నాథం ముందుకొచ్చి సెల్యూట్ కొట్టాడు. "సార్, ఆ పదకొండోది నేను..."

"ఆర్మరర్, మీరు బారెల్ గురించి మాట్లాడండి. మనిషి గురించి కాదు."

"మనిషి తప్పే సార్, నేను కావాలనే..."

"మానవ తప్పిదం రద్దయింది," అన్నారు ఎస్పీ గారు కటువుగా. "ఉత్తర్వు చదవలేదా?"

కమిటీ అక్కడికక్కడే కూర్చుంది. కొత్త బారెల్ యాభై శాతం, పాత బారెల్ నూటపది శాతం. దీన్నిబట్టి బారెల్ వల్లనే గురి కుదురుతుందన్న ఎస్పీ గారి సిద్ధాంతం సంపూర్ణంగా రుజువైందని, ఏ బారెల్ అన్న చిన్న వివరంలోనే తేడా వచ్చిందని దివాకరం గారు ప్రతిపాదించారు. ఏకగ్రీవంగా ఆమోదించారు. పాత బారెళ్లన్నీ కోసేశారు కాబట్టి, ఉన్న కొత్త బారెళ్లనే పాతబడేవరకు స్ట్రాంగ్ రూములో భద్రపరచాలని తీర్మానించారు. అవి తగినంత పాతబడ్డాయో లేదో ఏడాదికోసారి పరిశీలించడానికి ఒక ఉపసంఘం వేశారు. నూటపది శాతం కొట్టిన ఆ ఒక్క పాత బారెల్‌ని ఇకమీదట కాలిస్తే అరిగిపోతుందని, అద్దాల పెట్టెలో పెట్టి కార్యాలయం గుమ్మంలో ప్రదర్శించాలని ఎస్పీ గారే సూచించారు.

ఆరు కొట్టలేకపోయిన జగన్నాథాన్ని శిబిరానికి పంపుతూ మరుసటిరోజు ఉత్తర్వు అయింది. అందులో కూడా 'మార్క్స్‌మన్ శ్రీ జగన్నాథం' అనే రాశారు. రిజిస్టర్లో ఉన్నది మార్చడానికి వీల్లేదట.

అతను తాళాలు అప్పగించే ముందు ఆఖరిసారి పిస్టళ్లు తుడుస్తూ ఉంటే సన్యాసయ్య వచ్చాడు. ఈసారి కిటికీ దగ్గర ఆగకుండా లోపలికొచ్చి, తూటాల పెట్టె మీద మోకాలు చాపుకుని కూర్చున్నాడు.

"నీ తూటా ఒకటి నా బొమ్మలోకొచ్చింది," అన్నాడు.

"దారి తప్పిందన్నా."

"తప్పలేదు. నీ పిస్టలు ముక్కు నా బొమ్మకేసి తిరిగుంటే నాను సూడలేదేటి? అది నీ బొమ్మలో పడుంటే ఆరయ్యేది. ఇంట్లో కూర్చుందువు."

"పడేది కాదులే. కొత్త బారెల్‌తో నేను అనుకున్న చోటికి వెళ్లింది అదొక్కటే." జగన్నాథం గుడ్డ పక్కన పెట్టాడు. ముప్ఫై నాలుగేళ్లు నోట్లోనే ఉన్న మాట బయటికొచ్చింది. "ఆ రోజు నీ తూటా ఒకటి నా బొమ్మలో పడిందన్నా. పదకొండు చిల్లులు. నేను నోరెత్తలేదు. బిళ్ళ నేను పెట్టుకున్నాను, పేరు నువ్వు మోశావు. నీ కాలు వణుకుతుంటే చూసి, కనీసం ఈసారైనా..."

"వణికింది మోకాల్రా, సెయ్యి కాదు!" అన్నాడు సన్యాసయ్య. "ఏటేటా తర్ఫీదుకి పంపి నా సేత సంచులకి సంచులు కాల్పించినారు. పది కొట్టడానికి నాకు నీ సాయమెందుకు?"

"పదీ కొడతావని నాకేం తెలుసు!"

సన్యాసయ్య పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

"ఆ రోజు నానూ అదే అనుకున్నాన్రా. దండకం సదువుతా సదువుతా మధ్యలో మర్చిపోయి ఆగిపోనావు నువ్వు. ఈడి పని అయిపోనాది, ఊరికి బస్సెక్కేస్తాడు అనుకున్నాను. నాకు తొమ్మిది పడ్డాయని నా సేతికి తెలుస్తానే ఉంది. సరే ఒకటి ఈడికిద్దామని నీ బొమ్మలో కొట్టినాను. పదీ కొడతావని నాకేటి తెల్సు?"

"కావాలని కొట్టావా?"

"మరి? నీకు గురుండేదిరా అప్పుడు. నిజం గురి. తాళాలు సేతికిచ్చి పోగొట్టినారు."

"మరి ఇన్నేళ్లూ ఒక్క మాట చెప్పలేదేమన్నా?"

"సెప్తే ఏటవుతాది? సర్కారు తూటా పక్కోడి బొమ్మలో దుబారా సేసినానని నాకు మెమో, అర్హత లేని బిళ్ళ పెట్టుకున్నావని నీకు మెమో." సన్యాసయ్య పెట్టె మీద చెయ్యి ఆనించి లేవబోయాడు. మోకాలు లేవనివ్వలేదు. జగన్నాథం చెయ్యి అందించి లేపాడు. సన్యాసయ్య ఆ చెయ్యి వెంటనే వదల్లేదు. "శిబిరంలో ముళ్లకంప కింద పాకేటప్పుడు తల పైకెత్తకు. మెస్సులో సాంబారు బాగుంటాది. రోజుకి యాభై తూటాలిస్తారు, అన్నీ కాల్చు. నలభై అయిదు రోజుల్లో నీ గురి నీకు తిరిగొచ్చేస్తాది."

గుమ్మందాకా కుంటుకుంటూ వెళ్లి వెనక్కి తిరిగాడు.

"ఇకన నాకు నీ దగ్గర రావాల్సిందేటీ లేదురా జగ్గా. నా తూటా నాకొచ్చేసింది."